కొత్తగూడెం నుంచి వెళ్ళిన తిరుమలదేవి గారి రీసెర్చ్ అసలు దేని మీద? పానాప్టోసిస్ అంటే ఏంటో తెలుగులో చెప్తారా

రుద్రంపూర్_కుర్రాడు:

అందరికీ నమస్తే. నాది మైనింగ్ డిప్లొమా, బయాలజీ టెన్త్‌తోనే వదిలేశా, కాబట్టి కొంచెం ఓపిగ్గా చెప్పండి.

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది. కన్నెగంటి తిరుమలదేవి గారని, మా కొత్తగూడెం ఆవిడే, సింగరేణి విమెన్స్ కాలేజీలో డిగ్రీ చదివి ఇప్పుడు అమెరికాలో మెంఫిస్‌లో సెయింట్ జూడ్ హాస్పిటల్‌లో పెద్ద సైంటిస్ట్. అంతవరకు బానే ఉంది, గర్వంగా కూడా ఉంది, కానీ కింద "ఇమ్యూనిటీ పెంచే రహస్యం కనిపెట్టిన తెలుగు బిడ్డ" అని రాసి, దాని కింద ఇంకెవడో వాడి కషాయం పొడి ఫోన్ నంబరు పెట్టాడు. అక్కడే డౌట్ కొట్టింది.

ఎందుకంటే 2021లో సెకండ్ వేవ్ అప్పుడు నా ఫ్రెండ్ ఒకడు ఐసీయూలో ఉన్నాడు, రోజూ గ్రౌండ్‌కి పోయేవాడు, సిగరెట్ మందు ఏమీ లేవు. డాక్టర్ ఏమన్నాడంటే "వైరస్ కంటే వాడి ఇమ్యూనిటీనే ఇప్పుడు వాడ్ని దెబ్బ తీస్తోంది" అన్నాడు. అప్పుడు అర్థం కాలా. ఇమ్యూనిటీ ఎక్కువుంటే మంచిదే కదా, మరి అదే చంపడం ఏంటి? ఈవిడ పని కూడా దీని మీదే అని ఎక్కడో చదివా, పానాప్టోసిస్ అనే మాట కనిపించింది, ఇంగ్లీష్‌లో రెండు పేరాలు చదివేసరికి తల తిరిగింది.

ఇంకోటి, మా మేనకోడలు అదే కాలేజీలో బీజడ్‌సీ సెకండియర్. "మామా, ఆవిడ నిజంగా మా కాలేజీనేనా, మరి అక్కడికెలా పోయింది" అని ఒకటే గొడవ. తెలిసినవాళ్ళు చెప్పండి.

ల్యాబ్_ఎలుక:

అన్నా మంచి ప్రశ్న అడిగారు, ఆ ఫార్వర్డ్ మాత్రం డిలీట్ కొట్టండి. ఆవిడ పనికీ ఇమ్యూనిటీ పెంచడానికీ సంబంధం లేదు, ఒకరకంగా ఉల్టా. నేను హైదరాబాద్‌లో ఇమ్యునాలజీలోనే పీహెచ్‌డీ చేస్తున్నా, ఆవిడ పేపర్లు మాకు రోజువారీ తిండి.

మొదట్నుంచి చెప్తా. మన కణాల లోపల కొన్ని సెన్సార్ ప్రోటీన్లు ఉంటాయి, అందులో బాగా ఫేమస్ ఎన్ఎల్ఆర్‌పీ3. మామూలప్పుడు గమ్మున పడుంటుంది. బ్యాక్టీరియా తాలూకు ఏదైనా గుర్తు గానీ, మన కణమే దెబ్బ తిన్నట్టు గుర్తు గానీ తగిలిందంటే ఇవి చాలా ఒకచోట చేరి పెద్ద కాంప్లెక్స్‌గా కట్టుకుంటాయి. దాన్ని ఇన్‌ఫ్లమాజోమ్ అంటారు, 2002లో స్విట్జర్లాండ్‌లో యుర్గ్ చాప్ ల్యాబ్ వాళ్ళు పెట్టిన పేరు. అది కాస్పేజ్-1 అనే ఎంజైమ్‌ని లేపుతుంది. ఆ కాస్పేజ్ రెండు పనులు చేస్తుంది, ఒకటి ఇంటర్‌ల్యూకిన్-1 బీటా (ఐఎల్-1 బీటా) అనేదాన్ని కత్తిరించి పనిలోకి దింపుతుంది (జ్వరం, వాపు, నొప్పి చాలావరకు దీని పుణ్యమే), రెండోది గ్యాస్‌డెర్మిన్ డి అనే ప్రోటీన్‌ని కోస్తుంది, ఆ కోసిన ముక్కలు పోయి కణం పొరకి చిల్లులు పెడతాయి, నీళ్ళు లోపలికి పోయి కణం ఉబ్బి పగుల్తుంది. దీన్ని పైరాప్టోసిస్ అంటారు.

తిరుమలదేవి గారు మిషిగన్ యూనివర్సిటీలో గాబ్రియేల్ నూనియెజ్ ల్యాబ్‌లో ఉన్నప్పుడు 2006లో నేచర్‌లో పేపరేశారు, బ్యాక్టీరియా ఆర్ఎన్ఏ ఈ ఎన్ఎల్ఆర్‌పీ3 ద్వారానే కాస్పేజ్-1ని లేపుతుందని. తమాషా ఏంటంటే అదే సంచికలో దీని మీదే ఇంకో రెండు పేపర్లు ఉన్నాయి, ఒకటి విషాలు, ఏటీపీ (కణాల్లో శక్తినిచ్చే అణువు) మీద, ఇంకోటి గౌట్ తెప్పించే యూరిక్ యాసిడ్ స్ఫటికాల మీద. మూడు ల్యాబులు మూడు వైపుల నుంచి వచ్చి ఒకే ప్రోటీన్ దగ్గర ఆగాయన్నమాట. ఆ తర్వాత 2007లో ఆవిడ సెయింట్ జూడ్‌లో సొంత ల్యాబ్ పెట్టుకున్నారు.

ఇక పానాప్టోసిస్. కణం చావడానికి మూడు పద్ధతులని పాఠ్యపుస్తకాల్లో విడివిడిగా రాసేవాళ్ళు. అపాప్టోసిస్ అంటే చడీచప్పుడు లేకుండా ముక్కలై పోవడం, పైరాప్టోసిస్ పైన చెప్పా, నెక్రాప్టోసిస్ అంటే ఆర్ఐపీకే3, ఎంఎల్‌కేఎల్ అనే ఇంకో ప్రోటీన్ల జట్టు వల్ల పగలడం. ఈవిడ ల్యాబ్ వాళ్ళు ఫ్లూ వైరస్‌తో పనిచేస్తుంటే 2016లో జెడ్‌బీపీ1 అనే సెన్సార్ దొరికింది. అదొక్కటి తీసేస్తే ఎన్ఎల్ఆర్‌పీ3 ఇన్‌ఫ్లమాజోమూ తగ్గిపోతోంది, మిగతా చావులూ తగ్గిపోతున్నాయి. అదే కేవలం కాస్పేజ్-1 తీసేస్తే కణం బతకట్లా, ఇంకో రూట్లో చస్తోంది. అంటే ఇవి మూడు వేరువేరు దారులు కావు, లోపల ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి అని వీళ్ళ వాదన. 2019లో మూడింటి మొదటి అక్షరాలు కలిపి పానాప్టోసిస్ అన్నారు.

చూస్తే ఎలా ఉంటుందంటే, ఎలుక కాలి ఎముక రెండు చివర్లూ కత్తిరించి సిరంజితో మీడియా (కణాలు పెరిగే పోషక ద్రవం) కొట్టి మూలుగని బయటకి తోస్తాం, దాన్ని ఓ వారం పెంచితే మాక్రోఫేజులు (క్రిముల్ని మింగే రక్షణ కణాలు) తయారై ప్లేటు అడుగున చదునుగా, కాళ్ళు చాపుకుని అతుక్కుని ఉంటాయి. వాటికి ముందు ఎల్‌పీఎస్ (బ్యాక్టీరియా పొరలోని పదార్థం) పెట్టి తర్వాత నైజెరిసిన్ అనే విషం వేస్తే కాసేపటికే అంచులు ముడుచుకుని గుండ్రంగా ఉబ్బి, లోపల న్యూక్లియస్ మాత్రం నల్లచుక్కలాగా మిగుల్తుంది. ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 లేని ఎలుక కణాలు ప్లేటులో పక్క గుంటలో హాయిగా అలాగే పడుకుని ఉంటాయి. ఫస్ట్ టైమ్ చూసినప్పుడు నేను మా సీనియర్‌ని లాక్కొచ్చి చూపించా, వాడికి వంద సార్లు చూసింది కాబట్టి "ఊ" అని పోయాడు.

బోటనీ_మాస్టారు:

పైన బాబు బాగా చెప్పాడు. నేను జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పి రిటైరయ్యాను, అందుకని ఎవరూ పట్టించుకోని భాగం నేను చెప్తాను. ఆవిడ మొదట మనుషుల రోగాల మీద పనిచెయ్యలేదండీ. కొత్తగూడెంలో కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీ, తర్వాత ఉస్మానియాలో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ. ఆ రోజుల్లో పని అంతా బూజుల మీద, అవి వదిలే విషాల మీద. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్ళతో కలిసి 2000లో వచ్చిన పేపరొకటి ఉంది, ఓక్రాటాక్సిన్ ఏ అనే బూజు విషాన్ని పట్టుకోవడానికి యాంటీబాడీలు తయారుచేసి మన మిరపకాయల్లో అదెంతుందో కొలిచారు. మరుసటేడు మిరియాలు, ధనియాలు, అల్లం, పసుపులో చూశారు. ఖమ్మం, గుంటూరు వైపు కల్లంలో మిర్చి ఆరబోసినప్పుడు వాన పడితే పట్టాలు కప్పి, తడి ఆరకుండానే బస్తాలకెత్తితే లోపల ఏమవుతుందో రైతుకి తెలుసు, కాయ తొడిమ దగ్గర తెల్లగా పడుతుంది, విరిచి చూస్తే లోపల గింజల మీద బూడిద రంగు. ఓక్రాటాక్సిన్ కిడ్నీలకి మంచిది కాదు. ఆవిడ కెరీర్ మొదలైంది అక్కడ, ఇదంతా ఆ వాట్సాప్ వాడికేం తెలుసు.

తర్వాత అమెరికా పోయి విస్కాన్సిన్‌లో, ఒహాయోలో మొక్కల మీదే చేశారు, బంగాళాదుంపకి లేట్ బ్లైట్ తెచ్చే ఫైటాఫ్తోరా వగైరా. ఇప్పుడు అసలు పాయింట్. మొక్కకి రక్తం లేదు, తెల్లకణాలు లేవు, యాంటీబాడీ లేదు. ప్రతి కణం తన కాపలా తనే కాసుకోవాలి. ఆకులోకి శిలీంధ్రం దిగిందంటే దాని చుట్టూ ఉన్న కణాలు వాటంతటవే చచ్చిపోయి దానికి తిండి లేకుండా చేస్తాయి, మనకి బయటకి ఆకు మీద గోధుమరంగు చుక్క కనిపిస్తుంది. క్లాసులో హైపర్‌సెన్సిటివ్ రెస్పాన్స్ అని చెప్పేవాళ్ళం. ఆ పని చేయించే మొక్కల ప్రోటీన్లకీ, మన ఎన్ఎల్ఆర్‌పీ3 జట్టుకీ నిర్మాణంలో చాలా పోలిక ఉంది, రెండింటినీ ఎన్ఎల్ఆర్‌లు అనే పిలుస్తారు. కాబట్టి ఆవిడ మొక్కలు వదిలేసి మనుషుల వైపు వచ్చారంటే నేనొప్పుకోను. కణం ఎప్పుడు చావాలి, ఎందుకు చావాలి అన్న ప్రశ్న అదే, మొక్క పోయి ఎలుక వచ్చింది అంతే.

మీ మేనకోడలికి చెప్పండి, బోటనీని డిగ్రీలో మార్కుల కోసం బట్టీ పట్టే సబ్జెక్టులా చూడొద్దని. ఎవరూ వినరనుకోండి, అది వేరే సంగతి.

ఏజెన్సీ_డాక్టర్:

ఓపీ అయ్యాక చదువుతున్నా, అందుకే లేటు. మీ ఫ్రెండ్ విషయంలో డాక్టర్ అన్నది కరెక్టే. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు ఉంటుంది ఆ పరిస్థితి. వైరస్ తగ్గుముఖం పట్టినా సైటోకైన్లు (రక్షణ కణాలు ఒకదానికొకటి పంపుకునే సంకేత ప్రోటీన్లు) ఆగవు, ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటూ పోతాయి. సైటోకైన్ స్టార్మ్ అని టీవీల్లో విన్నారు కదా అదే.

దీని మీద తిరుమలదేవి గారి గ్రూపు 2021లో సెల్ అనే జర్నల్‌లో వేసిన పేపరు నేను ఆ టైమ్‌లోనే డౌన్‌లోడ్ చేసి చదివా. కోవిడ్ పేషెంట్లలో పెరిగే సైటోకైన్లని ఒక్కోటి కణాల మీద వేసి చూశారు, ఏ ఒక్కటీ విడిగా పెద్దగా చంపలేదు. టీఎన్ఎఫ్, ఇంటర్‌ఫెరాన్ గామా రెండూ కలిపి వేస్తే మాత్రం కణాలు చచ్చిపోయాయి, పైన చెప్పిన పానాప్టోసిస్ పద్ధతిలో. రెండూ కలిస్తే స్టాట్1, ఐఆర్‌ఎఫ్1 అనే దారిలో నైట్రిక్ ఆక్సైడ్ బాగా పెరిగి అది కణం చావుకి దారి తీస్తోందని తేల్చారు. చచ్చిన కణాల నుంచి మళ్ళీ సైటోకైన్లు బయటకొస్తాయి, దాంతో ఇంకొన్ని చస్తాయి, ఈ చక్రం ఆగదు. ఎలుకల్లో ఈ రెండింటినీ యాంటీబాడీలతో ఆపితే కోవిడ్‌లో, సెప్సిస్‌లో (ఇన్‌ఫెక్షన్ ఒళ్ళంతా పాకి అవయవాలు దెబ్బతినే స్థితి) చావులు తగ్గాయి. ఎలుకల్లో అని మళ్ళీ చెప్తున్నా.

ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, ఇమ్యూనిటీ పెంచడం ఎంత అర్థం లేని మాటో, తగ్గించేద్దాం అనుకోవడమూ అంతే ప్రమాదం. సెకండ్ వేవ్‌లో టోసిలిజుమాబ్ ఇంజెక్షన్ కోసం జనం రాత్రుళ్ళు ఎట్లా తిరిగారో గుర్తుందా, అది ఐఎల్-6ని ఆపే మందు, అందరికీ పనికొచ్చేది కాదు. డెక్సామెథసోన్ చవకది, బ్రిటన్‌లో రికవరీ ట్రయల్‌లో వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళలో మరణాలు దాదాపు మూడో వంతు తగ్గించింది, అదే ట్రయల్‌లో ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళకి ఏ లాభమూ కనబడలా. కానీ మన దగ్గర జ్వరం వచ్చిన మొదటి రోజే మెడికల్ షాపులో స్టెరాయిడ్ కొని మింగారు, షుగర్ ఉన్నవాళ్ళు కూడా. తర్వాత బ్లాక్ ఫంగస్ వార్డులు నిండాయి, అన్నిటికీ స్టెరాయిడ్ ఒక్కటే కారణం కాదు గానీ అది పెద్ద కారణమే. టీఎన్ఎఫ్ ఆపే మందులు కీళ్ళవాతానికి వాడతాం, మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే, టీబీ టెస్టు చెయ్యకుండా ఇవ్వం, ఎందుకంటే లోపల నిద్రపోతున్న టీబీని అణిచిపెట్టేది ఆ టీఎన్ఎఫే. ఇంటర్‌ఫెరాన్ గామా కూడా అంతే. మన దేశంలో ఆ రెండూ కలిపి ఆపెయ్యడం అంటే మామూలు విషయం కాదు.

మా భద్రాచలం వైపు మలేరియా, సికిల్ సెల్ రెండూ చూస్తాం. ఎర్రకణాలు పగిలినప్పుడు హీమ్ (హిమోగ్లోబిన్‌లో ఇనుము ఉండే భాగం) బయటపడుతుంది, ఆ పేషెంట్ మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తుంది, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) ఎక్కుతూ పోతుంది. 2023లో ఈవిడ ల్యాబ్ వాళ్ళే ఇంకో పేపర్ వేశారు, హీమ్‌తో పాటు ఇన్‌ఫెక్షన్ గుర్తు కూడా తగిలితే ఎన్ఎల్ఆర్‌పీ12 అనే సెన్సార్ పానాప్టోసిస్‌ని మొదలుపెడుతుందని, అది లేని ఎలుకల్లో కిడ్నీ దెబ్బ తక్కువని. కొత్తగూడెం నుంచి పోయిన ఆవిడ చేసిన పని మా వార్డులో మంచం మీదున్న మనిషి కిడ్నీ గురించే అనిపించింది చదివినప్పుడు. రేపే మందు వస్తుందని కాదు.

రుద్రంపూర్_కుర్రాడు:

అందరికీ చాలా థ్యాంక్స్, ముఖ్యంగా డాక్టర్ గారికి. మాస్టారూ మిర్చి సంగతి చదివి మా ఇంట్లో నాయనమ్మకి కూడా చెప్పా, "అందుకే నేను తొడిమ తీసి ఎండబెడతా" అంది. 😄

ల్యాబ్ బ్రో, గౌట్ అన్నావు కదా, మా నాన్నకి ఉంది. అర్ధరాత్రి కాలి బొటనవేలు ఎర్రగా ఉబ్బి దుప్పటి అంచు తగిలినా అరుస్తాడు, కోల్చిసిన్ ఇస్తే తగ్గుతుంది. అది కూడా ఈ ఎన్ఎల్ఆర్‌పీ3 గొడవేనా? అలాగైతే ఆ ఒక్క ప్రోటీన్‌ని ఆపేసే గోలీ చేసేస్తే అయిపోయె కదా, ఇన్నేళ్ళు ఏం చేస్తున్నారు వీళ్ళంతా?

బోస్టన్_బాబాయ్:

దీనికి నేను చెప్తా, నేను ఫార్మాలోనే ఉన్నా. అవును, గౌట్‌లో యూరేట్ స్ఫటికాల్ని మాక్రోఫేజ్ మింగుతుంది, ఎన్ఎల్ఆర్‌పీ3 లేస్తుంది, ఐఎల్-1 బీటా వస్తుంది, న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు గుంపుగా దిగుతాయి, నాన్నగారి వేలు ఉబ్బుతుంది. కోల్చిసిన్ ప్రధానంగా కణం లోపలి మైక్రోట్యూబ్యూల్స్ (సన్నని గొట్టాల్లాంటి చట్రం) కట్టుకోకుండా చేస్తుంది, దాంతో న్యూట్రోఫిల్స్ కదలికా తగ్గుతుంది, ఇన్‌ఫ్లమాజోమూ కొంత తగ్గుతుంది. వందల ఏళ్ళుగా వాడుతున్న మందుకి కారణం ఇప్పుడిప్పుడు తెలుస్తోంది. డోసు మాత్రం డాక్టర్ చెప్పినంతే, ఎక్కువైతే విషం అది, కిడ్నీ ప్రాబ్లం ఉంటే మరీను.

గోలీ చెయ్యలేదా అంటే, చేశారు. ఎంసీసీ950 అని 2015లో పెద్ద సందడి, ఎలుకల్లో అద్భుతం, మనుషుల్లో ట్రయల్‌కి పోయేసరికి లివర్ మీద ప్రభావం కనిపించి ఆగిపోయింది. దాని తర్వాత తరం మందులు ట్రయల్స్‌లో ఉన్నాయి. ఐఎల్-1 బీటాని నేరుగా పట్టుకునే కెనకినుమాబ్ ఉంది. 2017లో కాంటోస్ అనే ట్రయల్, పది వేల మందికి పైగా గుండెపోటు వచ్చినవాళ్ళ మీద. కొలెస్ట్రాల్ ముట్టుకోకుండా ఒట్టి ఇన్‌ఫ్లమేషన్ (ఒంట్లో వాపు, మంట) తగ్గిస్తేనే మళ్ళీ గుండెపోటు లాంటివి 15 శాతం దాకా తగ్గాయి, కానీ ప్రాణం తీసే ఇన్‌ఫెక్షన్లు కొంచెం పెరిగాయి. ఖరీదు చూస్తే గుండె ఇంకోసారి ఆగుతుంది. గుండెకి ఆ మందుకి అనుమతి రాలేదు.

ఇంకో మాట, నన్ను తిట్టుకోకండి. పానాప్టోసిస్‌ని ఫీల్డ్‌లో అందరూ ఒప్పుకోలేదు. ఒకే కణంలో మూడూ నిజంగా ఒకే యంత్రంతో జరుగుతున్నాయా, లేక ఒకే ప్లేట్లో కొన్ని కణాలు ఇలా కొన్ని అలా చస్తుంటే మొత్తం కలిపి ఒక పేరు పెట్టారా అని అడిగేవాళ్ళున్నారు. మన ఊరావిడ కదా అని ప్రశ్న అడగకుండా వదిలెయ్యక్కర్లేదు.

ల్యాబ్_ఎలుక:

బాబాయ్ గారూ, ప్రశ్న కరెక్టే, మా జర్నల్ క్లబ్‌లో దీని మీద కొట్టుకున్నంత పని అయింది. కాకపోతే ఒకటి, జెడ్‌బీపీ1, ఆర్ఐపీకే3, కాస్పేజ్-8, ఏఎస్‌సీ ఇవన్నీ ఒకే కాంప్లెక్స్‌లో కలిసి దొరుకుతున్నాయని వాళ్ళు మైక్రోస్కోప్‌లోనూ, ప్రోటీన్లని బయటకి లాగీ చూపించారు. 2021 నేచర్ పేపర్‌లో హెర్పిస్ వైరస్‌తో ఏఐఎం2, పైరిన్, జెడ్‌బీపీ1 అనే మూడు సెన్సార్లూ కలిసి ఉన్నట్టు చూపించారు. దాన్ని ఏ పేరుతో పిలవాలన్నది తర్వాత, ఒక దారి మూస్తే ఇంకో దారిలో కణం చస్తోందన్నది మాత్రం మా ప్లేట్లలో కూడా కనిపిస్తోంది. ఒక్క ప్రోటీన్‌ని ఆపే గోలీ ఎందుకు సరిపోదు అని అన్న అడిగాడు కదా, కొన్ని జబ్బుల్లో దానికి జవాబు ఇదే. గౌట్‌లో, క్యాప్స్ అనే పుట్టుకతో వచ్చే జబ్బులో ఎన్ఎల్ఆర్‌పీ3 ఒక్కటే మెయిన్ విలన్, అక్కడ ఐఎల్-1 ఆపితే పేషెంట్ లేచి తిరుగుతాడు. క్యాప్స్ పిల్లలకి జన్యువులోనే మార్పు ఉంటుంది, చల్లగాలి తగిలితే చాలు దద్దుర్లు, జ్వరం. సెప్సిస్‌లో అలా కాదు, అక్కడ పది దారులు ఒకేసారి తెరుచుకుంటాయి, ఒకటి మూసి లాభం లేదు.

రుద్రంపూర్_కుర్రాడు:

ఇప్పుడు కొంచెం వెలిగింది. గ్రూపులో ఆ కషాయం పోస్ట్ కింద ఈ లింక్ పెట్టేశా, అడ్మిన్ నన్ను తీసేస్తే తీసేయనీ.

లాస్ట్ ప్రశ్న. మేనకోడలు పక్కనే కూర్చుని అడగమంటోంది, ఇటువైపు రావాలంటే డిగ్రీ అయ్యాక ఏం రాయాలి? మా అక్కా బావా బీఈడీ చేయించేద్దాం అంటున్నారు.

ల్యాబ్_ఎలుక:

ఎమ్మెస్సీకి సీపీగెట్ రాస్తే ఉస్మానియా, కాకతీయ వస్తాయి, సీయూఈటీ పీజీ రాస్తే హెచ్‌సీయూ (హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ) లాంటి సెంట్రల్ యూనివర్సిటీలు, బయోటెక్నాలజీకి గ్యాట్-బీ ఉంది, దాంట్లో సీటొస్తే నెలనెలా స్టైపెండ్ కూడా. ఐఐటీలకి జామ్. ఎమ్మెస్సీ ఫైనలియర్ నుంచే సీఎస్ఐఆర్ నెట్ రాయడం మొదలుపెట్టాలి, జేఆర్‌ఎఫ్ వస్తే పీహెచ్‌డీలో ఫెలోషిప్ వస్తుంది, ఇంట్లో డబ్బులడగక్కర్లేదు, అది అక్కా బావలకి గట్టిగా చెప్పండి. ఇప్పుడు సెకండియర్ కాబట్టి ఎండాకాలం సెలవుల్లో చేసేందుకు సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్ ఉంటుంది, అప్లికేషన్లు ముందు సంవత్సరం చివర్లోనే అడుగుతారు, టీచర్ రికమెండేషన్ లెటర్ కావాలి, ఆ లెటర్ కోసం ఇప్పట్నుంచే వాళ్ళ లెక్చరర్ వెంట పడమనండి. సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్ళ ఓపెన్ డే సెప్టెంబర్ చివర్లో ఉంటుంది, హబ్సిగూడలో, ఎవరైనా పోవచ్చు, ల్యాబుల్లోకి తీసుకెళ్ళి చూపిస్తారు. కొత్తగూడెం నుంచి రైలు రాత్రి ఎక్కితే పొద్దున్నకి దిగొచ్చు. వచ్చేముందు ఇక్కడ ఒక మెసేజ్ పెట్టండి, ఊళ్ళో ఉంటే నేనొస్తా.